ఎడమచేతి ముడులు

ఎవరైనా దెయ్యాల కథలు చెబితే నేను నవ్వేదాన్ని. తెనాలిలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రక్తమైనా, కఫమైనా, సీసాలో పట్టి చూపిస్తే తప్ప నమ్మే రకం కాదు. ఇది చదివి మీరు నమ్మకపోయినా నాకు కోపం రాదు. మొదట నేనే నమ్మలేదు.

మాది రేపల్లె అవతల సముద్రపు ఊరు. నాన్న పడవ మీద వేటకు వెళ్ళేవాడు. ఓపిక తగ్గాక ఇంట్లో కూర్చుని వలలు బాగు చేసేవాడు. ముడి వేసిన ప్రతిసారీ దాన్ని నోట్లో పెట్టి, ఉమ్మితో తడిపి బిగించడం ఆయన పద్ధతి. ఎడమచేతి వాటం కాబట్టి ఆయన ముడులు అందరివాటికీ ఎదురు తిరిగి ఉండేవి.

దవడకు క్యాన్సర్ వచ్చింది. గుంటూరులో రేడియేషన్ ఇచ్చారు. జబ్బు కొంత తగ్గింది గానీ నోట్లో ఉమ్మి ఊరడం ఆగిపోయింది. గుక్కగుక్కగా నీళ్ళు తాగమన్నారు, ఉమ్మికి బదులుగా నోట్లో కొట్టుకునే జిగట స్ప్రే ఇచ్చారు. మజ్జిగలో జావలా పిసికితే తప్ప అన్నం దిగేది కాదు. రెండు మాటలకే నాలుక అంగిలికి అతుక్కునేది. అన్నీ ఓర్చుకున్నాడు. తమ్ముడి వలకు ముడి వేసి నోట్లో పెట్టుకుంటే అది పొడిగా బయటికొచ్చింది. ఆ రోజు మాత్రం ఏడ్చాడు.

నేను గిన్నెతో నీళ్ళు పెట్టాను. "నీళ్ళతో ఏసిన ముడి నిలబడదమ్మా" అని పక్కకు నెట్టేశాడు. వలలో జానెడు చిరుగు అలాగే మిగిలింది. వేసవిలో సముద్రం మీద పెట్టే వేట నిషేధం అయిపోయేలోపు ఎలాగైనా పూర్తి చేస్తానని తమ్ముడికి మాటిచ్చాడు.

ఈలోపే జబ్బు తిరగబెట్టింది. తమ్ముడు వల చుట్టి, టార్పాలిన్ కప్పి, తాడు కట్టేశాడు. నేను సెలవు పెట్టి వచ్చాను. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని డాక్టరు చెప్పారు. చివరి రోజు పొద్దున నాన్న నా చెయ్యి పట్టుకుని, "నోట్లో కాసిని నీళ్ళు పొయ్యమ్మా" అన్నాడు. మా మేనత్త తులసి నీళ్ళు తెచ్చింది. చదువుకున్నదాన్ని కదా, అడ్డుపడ్డాను. తడి దూదితో పెదవులు తుడిచి ఊరుకున్నాను. గంటలో పోయాడు. ఎండిన నోరు తెరుచుకునే ఉంది. అది నేను చేసిన పాపం, దానికి ఇంకో పేరు లేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం, తమ్ముడు తాడు విప్పి వలను ఎండలో పరిచాడు. "ఎవరిచేతన్నా ఏయించావా అక్కా?" అని అడిగాడు. చిరుగు లేదు. ఆ చోట పదకొండు కొత్త ముడులున్నాయి, అన్నీ ఎదురు తిరిగినవే. మా ఊళ్ళో వల పని తెలిసిన ఎడమచేతి వాటం మనిషి ఇంకొకరు లేరు.

వలంతా ఎండి గరగరలాడుతోంది. ఆ ముడులు మాత్రం తడిగా ఉన్నాయి. వేళ్ళ మధ్య రాస్తే సన్నగా తీగ సాగింది. నీళ్ళు అలా సాగవు. స్ప్రే ఏమోనంటే, ఆ సీసాను నాన్న పాడెతోనే పంపించేశాం. నమూనా తీసుకోవాలని నాకు తోచనే లేదు, ఇన్నేళ్ళుగా చేస్తున్న పని అదే అయినా. ముడుల మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టుకుని కూర్చున్నాను. అయినా కాసేపటికి ఆరిపోయాయి.

ఎలా జరిగిందో ఈ రోజుకీ చెప్పలేను. తమ్ముడు ఆ వలతోనే వేటకు వెళ్తున్నాడు. ఆ ముడులు ఊడలేదని వచ్చినప్పుడల్లా చెబుతాడు. నాకు తెలియాల్సింది అది కాదు. నాన్న నోరు తడిసిందా లేదా, అదొక్కటే.