పలకని స్తంభం

మా టెక్నీషియనక్క ఎవరు ఎదురైనా ముందు "పలికిందేటి?" అనే అడిగేది. నేను ఆమె జీపు డ్రైవర్ని. కోరాపుట్ ఘాట్ రోడ్డు మలుపుల్లో వైర్‌లెస్ స్తంభాలు పాతిన రోజులవి. మలుపు అవతల బండి ఉంటే స్తంభం మన బండిలోని పెట్టెకు చెబుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది. దారి ఖాళీ అయితే పచ్చదీపం. స్తంభం అసలేమీ చెప్పకపోయినా ఎర్రదీపమే వెలగాలని అక్క పట్టుబట్టి పెట్టించింది.

పరీక్షగా నడిపిన ఆ రోజుల్లో వానలకు స్తంభాలు తరచూ మూగబోయేవి. ఆగి ఆగి విసిగిపోయి డ్రైవర్లందరం ఆమెను తిట్టుకునేవాళ్లం.

"మలుపులో హారన్ కొడతాం. ఎవులూ తిరిగి కొట్టకపోతే దారి కాళీ అనే కదక్కా," అన్నాను ఒకసారి.

"అవతలోడు సెవిటోడైతే?" అంది.

స్తంభాల ప్రారంభోత్సవం రోజున పెద్దాఫీసరు, వాటిని పాతించిన కాంట్రాక్టరు మా జీపే ఎక్కారు. మొదటి మలుపులోనే పొగమంచు. స్తంభం పలకలేదు, ఎర్రదీపం వెలిగింది.

"పెట్టె మీద మీట నొక్కి పచ్చ చేసెయ్యమ్మా, పరువు పోతోంది," అన్నాడు కాంట్రాక్టరు.

"పలికితే సేస్తాను."

ఆయన నన్ను పోనిమ్మన్నాడు. అక్క చెయ్యి చాచి జీపు తాళం లాక్కుంది. దిగి, మంచులో నడుచుకుంటూ మలుపు దాటి వెళ్లింది. కాసేపటికి తిరిగొచ్చి, "ఏ బండీ లేదు, పోనీ," అని తాళం నా చేతిలో పెట్టింది.

"చూశావా, ఖాళీయే," అని నవ్వాడు కాంట్రాక్టరు.

"ఈవేళ కాళీయే సార్. కానీ పలికింది నేను, స్తంభం కాదు."

దీపాన్ని మాత్రం ఎర్రగానే ఉంచింది.