రెండు వరుసల జొన్న డబ్బాలు

ఎనభైల ఆఖర్లో మాట. రాయచూరు పక్కన పవర్ ప్లాంట్‌లో కరెంటు పుడుతున్నా, మా పేటకు అది ఎప్పుడొచ్చేదో ఎప్పుడు పోయేదో తెలిసేది కాదు. మా ఆయన పోయాక గిర్నీ, అంటే పిండిమర, నేనే నడిపాను. రెండు మిషన్లు. రెండింట్లోనూ జొన్నే. ఎవరొచ్చినా డబ్బా నేనే తూకం వేసి, ఏదో ఒక మిషన్ ముందు వరుసలో పెట్టమనేదాన్ని.

రంజాన్ నెలలో ఒక సాయంత్రం కరెంటు రాగానే రెండూ తిప్పాను. కాసేపటికే ఎడమ మిషన్ బెల్టు తెగింది. బెల్టు లేకపోతే మోటారు తిరిగినా రాయి తిరగదు.

"ఆ డబ్బాలన్నీ మా ఎనక పెట్టు!" అని కుడి వరుసవాళ్లు అరిచారు.

ఎడమ వరుసలో ఉన్న ఖాజాబీ ముఖం వాడిపోయింది. "అక్కా, పొద్దుగాల్లనే వచ్చిన. ఎనకకు పోతే ఇయ్యాల మా ఇంట్ల రొట్టె లేనట్టే. రోజా ఉపాసమున్న పిల్లలు ఏం తినాలె?"

"అన్నీ కలిపి, ఎవరెప్పుడొచ్చిండ్రో మొదటి నుంచి అడుగు" అన్నారొకరు.

"అడిగితే పిండి రాలదు, జుట్లు రాలుతయ్" అన్నాను.

మొత్తం వరుస అప్పజెప్పమంటే నాకు రాదు. ఇద్దర్ని చూపించి ముందెవరంటే మాత్రం చెప్పగలను, తూకం వేసింది నేనే కదా. ఏ వరుసకా వరుస వచ్చిన క్రమంలోనే ఉంది. అందుకని రెండు వరుసల మొదటి డబ్బాలే చూశాను. ముందొచ్చినది హాపర్‌లో, అంటే మిషన్ నెత్తినుండే గరాటులో, పోశాను. దాని వెనకది ముందుకు జరిగింది. మళ్లీ ఆ రెండే చూశాను.

కుడి వరుసలో మా పేట శరణమ్మ డబ్బా పట్టడం అయింది. చూస్తే ఎడమ వరుస మొదట్లోనూ ఆమె డబ్బానే! ఏది ముందైతే అదని, రెండోది ఎవరో పిల్లతో తూకానికి పంపి, రెండుచోట్లా పెట్టించింది. దాని వెనకే ఖాజాబీది.

"ఏంది శరణమ్మా, నువ్వు ఒక్కదానివా, ఇద్దరివా?"

"ఒక్కదాన్నే వదినా. డబ్బాలకే నోర్లు రెండు" అని నవ్వింది.

"ఇంటికి ఒక్క పాళి, ఒక్కటే వంతు. ఇది పక్కకు పెడుతున్న. అందరిదైనంక చూద్దాం."

తర్వాత ఖాజాబీ జొన్నలు పోశాను. వేడి వేడి పిండి ఎత్తుకుని ఆమె పరుగున ఇంటికి పోయింది. ఇంకా కొన్ని డబ్బాలుండగానే కరెంటు పోయింది. మిగిలినవాళ్లు తిట్టింది కరెంటును, నన్ను కాదు.

అందరి లెక్కా నెత్తిన మోయనక్కర్లేదని ఆ రోజు తెలిసింది. ఎదురుగా ఉన్న ఇద్దరి దగ్గర న్యాయం తప్పకపోతే చాలు, వెనక వరుసంతా నెమ్మదిగా నిలబడుతుంది.