పెద్దమ్మ చూడని ఆఖరి రీలు

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. ఆ మాట చెప్పింది ఆమె కోడలే. పొద్దున్నే పాలచెంబుతో వచ్చి, "అత్త పోయిందక్కా, తెల్లారంగ" అంది. అని, అలవాటు చొప్పున నా గిన్నెలో పాలు పోసింది. ఆ పాలు కాచడానికి నాకు చేతులు రాలేదు.

గౌలిపురలో మా సందంతా పాడి ఇళ్ళే. పెద్దమ్మకు బర్రెలు నాలుగే గాని, నోరు మాత్రం నలభై బర్రెల పెట్టు. నేను కొత్త కోడలిగా వచ్చిన వారానికే, "చదువుకున్న పిల్లవట, పెండ తియ్యొస్తదా?" అని అడిగింది. రాదన్నాను. "ఫికర్ జెయ్యకు, పెండకు గూడ చదువు రాదు" అని తట్ట నా చేతికిచ్చింది.

ఆమెకు టాకీసు బొమ్మలంటే ప్రాణం. సందులోని ఆడవాళ్ళందరినీ కూడేసి మధ్యాహ్నం ఆటకు నడిపించుకుపోయేది. ఆడవాళ్ళు కూర్చునే జనానా వైపు, పరదా వెనక బెంచీలు మావి. అయితే ఏ బొమ్మా చివరిదాకా చూసిన పాపాన పోలేదు. పాలు పిండే వేళ కాగానే ఆమె లేచి నిలబడేది.

"లెవ్వుండ్రి! బర్రె పొదుగు బొమ్మ కోసం ఆగదు."

కిక్కురుమనకుండా లేచేవాళ్ళం. మిగిలిన కథ దారిలో ఆమే చెప్పేది. నీకెట్లా తెలుసంటే, "జనానా గేటు కాడ టికెట్లు చింపే బీబీని అడిగిన. ఆమె రోజూ చూస్తది గద" అనేది.

ఒక బొమ్మలో కత్తి పట్టిన ఆడపిల్ల ఉంది. కోట మెట్ల మీద సేనాపతితో తలపడింది. వాడి కత్తి తగిలి ఆమె జడ సగానికి తెగి మెట్ల మీద పడింది. ఆ పిల్ల జడ వైపు చూడను కూడా చూడలేదు. నవ్వి ఇంకో మెట్టు పైకెక్కింది. సరిగ్గా అప్పుడే లేచింది మహాతల్లి! ఆ రోజు మాత్రం అందరం గొణిగాం, మొహాలు వేలాడేశాం.

"గెల్సిందే! వాని కత్తి గుంజుకొని, కోట తలుపు తీసి, చెరల ఉన్న తండ్రిని ఇంటికి తోల్కపోయింది" అంది పెద్దమ్మ, కొంగును కత్తిలా తిప్పుతూ. ఎదురొచ్చిన జట్కావాడు గుర్రాన్ని ఆపుకొని మరీ విన్నాడు.

ఆ జడ కథే మా సందుకు సామెత అయింది. నా తొలిచూలు బిడ్డ దక్కనప్పుడు గోడ వైపు తిరిగి పడుకున్నాను. అన్నం ముట్టలేదు. పెద్దమ్మ వచ్చి నా తల దువ్వుతూ, "జడ తెగితె ఆ పిల్ల కత్తి కింద పడేసిందా బిడ్డా? లే" అంది. లేచాను. ఆ మాటే లేకపోతే లేచేదాన్ని కాను.

ఈమధ్య మంచం పట్టాక నన్ను పిలిచింది. "ఆ బొమ్మ పేరేందో కనుక్కో బిడ్డా. ఆఖరి రీలు చూడాలె, కండ్లు కనబడుతుండంగనే."

పేరు ఎవరికి గుర్తు? గోడ మీది కాగితం చదివే తీరిక మాకెక్కడిది? బేగంబజారులో గిన్నెల సేటును అడిగితే కత్తి పిల్ల గుర్రం మీద ఉందన్నాడు. పక్క దుకాణమాయనేమో, గుర్రం కాదు, పులి మీద అన్నాడు. చివరికి టాకీసులో మిషను తిప్పే ముసలి భాయ్‌ను వెతికి పట్టుకున్నాను. జడ అనగానే ఆయన ముఖం వెలిగింది.

"హా అమ్మా, జడ తెగే పిక్చర్! మస్తు నడిచింది." పేరు చెప్పాడు. రీళ్ళు ఎప్పుడో బొంబాయికి వాపసు పోయాయన్నాడు.

ఆఖరున ఏమవుతుందని అడిగాను.

"అయ్యో, గా మెట్ల మీదనే సచ్చిపోతది బిచారి. హాలంతా ఏడ్సేది."

ఇంటికెలా నడిచొచ్చానో నాకే తెలియదు. పెద్దమ్మకు పేరు మాత్రం చెప్పాను.

"పేరు సరేగాని, గెల్సిందా?"

"నువ్వు చెప్పినట్టే, పెద్దమ్మా."

నా ముఖంలోకి చూసి నవ్వింది. "అబద్దం ఆడుడు గూడ వస్తలేదు నీకు. నేను ఏ బీబీని అడిగిన? మీరు చిన్నబోయిన్రని తొవ్వపొంటి అల్లుకుంట వచ్చిన."

ఇక దాచలేక చెప్పేశాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత మెల్లగా, "మంచిగైంది, లేచి వచ్చినం. ఆగితే మన కండ్ల ముంగట్నే సచ్చిపోతుండె. బర్రెలే బతికించినయి దాన్ని" అంది.

ఆమె పోయిన నాటి సాయంత్రమే పాడె కట్టి తీసుకుపోయారు. ఆడవాళ్ళం సందు మొగదాకా వెళ్ళి నిలబడ్డాం. డప్పుల వెనక పాడె మలుపు దగ్గరికి చేరుతోంది. అప్పుడు దొడ్లో ఒక బర్రె అరిచింది, దాని వెంట ఇంకోటి. పాలు పిండే వేళ. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. కోడలు ముఖం తుడుచుకొని వెనక్కి తిరిగింది, ఆమె వెంట మేమందరం తిరిగాం. పాడె మలుపు తిరగడం మాలో ఎవరమూ చూడలేదు.