పాసింగు టైరు

మా అంగడికి వచ్చినవాడు ఏమీ కొనకుండా వెళ్లిపోతే ఆ పూట మా నాయనకు అన్నం సయించేది కాదు. చింతపండులో వేలుపెట్టి కెలికినా, బెల్లం నల్లగా ఉందని మూతి విరిచినా సరే, ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాలి. బేరం తెగాక కొసరు అడుగుతారు. సణుక్కుంటూ అదీ వేయాలి. ఆ గల్లాపెట్టె పక్కనే పెరిగినవాణ్ణి కాబట్టి సర్కారు ఆఫీసుల పద్ధతి నాకు ఎన్నడూ తలకెక్కలేదు. అక్కడ వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపడమే వ్యాపారం. పంపేటప్పుడు కసురుకుంటారు చూడండి, అది కొసరు.

అన్నిట్లోకీ నాకు రోత పుట్టించింది రవాణా శాఖ. కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా నాయన, "సర్కారు మన జిల్లాకే వచ్చింది గదా, ఇంక మన బస్సులు బాగుపడతాయిలే" అని అందరితో అనేవాడు. సర్కారు వచ్చిన మాట నిజమే. మా ఆళ్లగడ్డ వరకు దానిలో నుంచి వచ్చింది ఒక జీపు. ఆ జీపులో ఒక అధికారి. జనం ఆయన్ను బ్రేకు ఇనస్పెక్టరు అనేవాళ్లు. నెలకొకసారి మా ఊరి ముసాఫరు బంగళాలో దిగి, వంతు వచ్చిన బస్సులు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తాయో లేదో చూసి పాసు చేయడం ఆయన ఉద్యోగం. బ్రేకు మీద ఆయన కాలు పెట్టగా నేను చూడలేదు. పెట్టినా లాభం ఉండేది కాదనుకోండి. చాలా బస్సులకు బ్రేకు పని క్లీనరే చేసేవాడు. బస్సు ఆగబోయే ముందు చేతిలో చెక్కమొద్దుతో దూకి, కొంతదూరం పక్కనే పరుగెత్తి, దాన్ని చక్రం కింద తోసేవాడు. వానొస్తే లోపల గొడుగులు విప్పేవాళ్లం. కుడిపక్క తలుపును కొబ్బరితాడుతో కట్టేవాళ్లు. ఆ తాడు మాత్రం గట్టిది, మా అంగడి సరుకు.

ఇలాంటి బస్సులు నెలనెలా ఎట్లా పాసవుతాయని కొత్తవాళ్లు అడిగేవాళ్లు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. నంద్యాల ఆళ్లగడ్డ మధ్య బస్సులు నడిపే యజమానులు తలా కొంచెం వేసుకుని ఒక కొత్త టైరు కొన్నారు. అది ఏ బస్సుదీ కాదు, అన్ని బస్సులదీ. దాని పేరు పాసింగు టైరు. ఇనస్పెక్టరు ఏ ఊళ్లో దిగితే అది ముందుగా ఆ ఊరు చేరేది. ఒక బస్సుకు స్టెప్నీగా, అంటే అదనపు టైరుగా, కట్టి చూపించి, విప్పి, బంగళా వెనకనుంచి దొర్లించుకెళ్లి తర్వాతి బస్సుకు కట్టేవాళ్లు. కొత్తగా ఈనిన ఎనుము దూడలా నిగనిగలాడుతూ ఉండేది. అంత తిరిగిన టైరు, రోడ్డు మీద మాత్రం ఒక్క గజం కూడా నడిచి ఉండదు.

మంటలు ఆర్పే ఎర్ర బకెట్టు కూడా అంతే. అది మా అంగడిది. పాసింగు రోజు అందులో ఇసుక పోసి ఇచ్చేవాణ్ణి. బదులుగా ఆ పూట బస్సువాళ్లు బీడీలు మా దగ్గరే కొనేవాళ్లు. అదొక గొప్ప లాభం అనుకునేవాణ్ణి, నా తెలివి అంత.

ఆ ఏడు మా అక్క పురిటికి పుట్టింటికి వచ్చింది. నెలలు ఇంకా నిండలేదు. కాళ్లు పొంగి, మెట్టెలు వేళ్లలోకి కోసుకుపోయాయి. ఊళ్లో మంత్రసాని ఆమె మొహం వైపు చూసి, "నాతో కాదమ్మా. బేగా నంద్యాల డాక్టరమ్మ కాడికి తీసకపోండి. దావలో కూడా నిద్రపోనీయొద్దు," అంది. ఆ పగలే మా ఊళ్లో పాసింగు జరిగింది. అక్కను, అమ్మను తీసుకుని తెల్లవారి మొదటి బస్సు దగ్గరికి పోయాను.

నా గుణం అక్కడ కూడా పోలేదు. ముందు సీటుకు ఎక్కువ ఇవ్వాలన్నాడు కండక్టరు. నేను బేరం పెట్టాను. నిండు మనిషి, నువ్వు పుణ్యం కట్టుకో, మా అంగడి యాడికీ పోదు గదా, ఇట్లా ఏవేవో చెప్పి మామూలు చార్జీకే ముందు సీటు సంపాదించాను. బస్సు కదిలాక తెలిసింది, ఇంజను సెగంతా ఆ సీటుకే తగులుతుందని. అక్క చెమటలు తుడుచుకుంటూ, "బాగా గెలిచినావులే రా," అంది.

శిరివెళ్ల దాటి కొంచెం దూరం పోయామో లేదో వెనక టైరు పేలింది. బస్సు ఒక పక్కకు ఒరిగి రోడ్డుకు అడ్డంగా నిలబడింది. క్లీనరు మొద్దు పట్టుకుని అలవాటుగా దూకాడు గాని, ఆపడానికి ఇంక ఏమీ లేదు.

"స్టెప్నీ ఎక్కించు," అన్నాను కండక్టరుతో.

"స్టెప్నీ యాడిదప్పా?"

"నిన్న ఉండె గదా, నేను చూస్తిని."

"నిన్న ఉండె. అది రాత్రే పత్తి లారీలో నంద్యాలకు పోయ. ఈ పొద్దు ఆడ పాసింగు."

"ఇంకో బస్సన్నా వస్తాదా?"

"అన్నీ ఆ పాసింగులోనే నిలబడిండాయి. సందేళకు గాని రావు." దాపరికం లేదు, సిగ్గు లేదు. వానలు ఎప్పుడు పడతాయో చెప్పినట్టు చెప్పాడు.

జనం దిగి తుమ్మచెట్ల కిందికి పోయారు. అక్కను అమ్మ బస్సు నీడలో కూర్చోబెట్టింది. జొన్నచేను వైపు చూస్తూ అక్క, "అమ్మా, ఆ మనిషి ఒకడా ఇద్దరా?" అని అడిగింది. చేలో ఒక్కడే ఉన్నాడు. అమ్మ నా వైపు చూసింది. ఒక రైతు బండి కడతానన్నాడు. ఆ గుంతల్లో ఎద్దులబండి మీద పోతే పొద్దు గుంకుతుంది, పైగా ఆ కుదుపులకు ఆమె తట్టుకోదని అమ్మ వద్దంది. ఎండ తగిలి ఏమవుతుందోనని అమ్మ అక్క తలను తన కొంగుతో కప్పి, నిద్రపోకుండా చెంపలు తడుతూ కూర్చుంది.

అప్పుడొచ్చింది జీపు. టైరు ముందు పోతుంది, ఇనస్పెక్టరు వెనక పోతాడు. అది వాళ్ల క్రమం. రోడ్డుకు బస్సు అడ్డంగా ఉందని చిరాకు పడుతూ దిగాడాయన. కోస్తా జిల్లాల మనిషి, ఇస్త్రీ బట్టలు. వెళ్లి బస్సు వెనకభాగం చూశాడు.

"స్టెప్నీ ఏదయ్యా? స్టెప్నీ లేకుండా ప్రజల ప్రాణాలతో చెలగాటమాడుతున్నారా మీరు? కేసు రాస్తాను," అంటూ కలం తీశాడు.

కండక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొహంలో భయమేమీ లేదు. పెళ్లిలో పురోహితుడు మంత్రం చదువుతుంటే పీటల మీద కూర్చున్నవాడు విన్నట్టు వింటున్నాడు.

నేను పోయి దణ్ణం పెట్టి సంగతి చెప్పాను. అక్కను చూపించాను. ఆయన అటు చూడలేదు.

"గవర్నమెంటు జీపయ్యా ఇది. ప్రైవేటు మనుషుల్ని ఎక్కించుకోకూడదు. రూలు."

జీపు వెనక సీటు మీద నెయ్యి డబ్బా, వేరుశనక్కాయల మూట, కాళ్లు కట్టిన రెండు కోళ్లు ఉన్నాయి. వాటికి రూలు వర్తించదు కాబోలు, హాయిగా కూర్చుని ఉన్నాయి. ఆయన్ను తిట్టాలనిపించింది, కాళ్లు పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. సరుకు నీకు అవసరమని ఎదుటివాడికి తెలిస్తే బేరం చచ్చిందని మా నాయన చెప్పేవాడు. మొహం మామూలుగా పెట్టుకున్నాను.

"రాయండి సార్. మీరు రాసేది న్యాయమే. సాక్షి కావాలంటే నేనుండా."

"నీ సాక్ష్యం ఎందుకు?"

"నిన్న ఇదే బస్సుకు స్టెప్నీ ఉందని పాసు చేస్తిరి. ఈ పొద్దు లేదని రాస్తాండారు. రాత్రికి రాత్రి ఏమాయ అని పైవాళ్లు అడుగుతారు గదా? అది యాడుందో నేను చెప్తా. మీకంటే ముందే నంద్యాల చేరింది సార్, పత్తి లారీలో."

కలం ఆగింది. "నీకెట్లా తెలుసు?"

"ఎర్ర బకెట్టు మా అంగడిదే సార్. నిన్న బస్సు బస్సుకూ అదే బకెట్టు చూస్తిరి. ఇసుక పోసింది నేనే."

మొదటిసారి ఆయన మా అక్క వైపు చూశాడు. అంతవరకు కనిపించని మనిషి ఒక్కసారిగా కనిపించింది. కలానికి క్యాపు పెట్టి జేబులో గుచ్చుకున్నాడు.

"ఒక్క ఆవిడే ఎక్కాలి. తొందరగా."

బేరం తెగింది. తెగాక ఊరుకుంటే నేను అంగడివాణ్ణే కాను.

"మా అమ్మ కూడా సార్. సీటు చాలదంటే కోళ్లను ఒళ్లో పెట్టుకుంటాది."

ఆయన పళ్లు కొరుకుతూ తల ఊపాడు. అమ్మ నిజంగానే కోళ్లను ఒళ్లో పెట్టుకుంది. అక్క ఆమె భుజం మీద తల వాల్చింది. జీపు రోడ్డు దిగి బస్సును చుట్టుకుని, దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. కేసు లేదు, కాగితం లేదు.

కండక్టరు బీడీ ముట్టించుకుని, "మా ఓనరు నీకు బాకీ పడినాడు పోప్పా, కేసు తప్పిస్తివి," అని నవ్వాడు. తుమ్మచెట్టు కింద కూర్చున్న ఒక ముసలామె ఆ మాట విన్నది. ఆమె నంద్యాల కోర్టులో వాయిదాకు పోవాల్సిన మనిషి. "నీ అక్క పాయ. మేం యాడికి పోవల్ల నాయనా? మాకు యా జీపు వస్తాది?" అంది. కోపంగా కూడా అనలేదు. ప్రజల ప్రాణాల గురించి ఆయన అన్నదంతా నేను ఒక సీటుకు మార్చుకున్నాను. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ మార్చుకుంటాను. నా రోత అదే. అక్క బతకాలంటే ఆ శాఖ దగ్గర కొనడానికి ఇంకో సరుకేదీ లేదు. వాళ్ల అంగడిలో దొరికేది ఒకరి తప్పుకు ఇంకొకరి నోరు మూయడం, అంతే.

సాయంత్రానికి నంద్యాల నుంచి వచ్చిన బస్సువాళ్లు ఏదో అతుకుల టైరు ఇచ్చారు. నేను ఆసుపత్రి చేరేసరికి చీకటి పడింది. అక్కకు ఫిట్సు వచ్చి తగ్గిందట. డాక్టరమ్మ నన్నే తప్పు చేసినట్టు చూసి, "ఈ మనిషిని ఇంత ఆలస్యంగానా తెచ్చేది?" అంది. నేను బస్సు గురించి చెప్పబోతే చేత్తో ఆపింది. ఆ కథ ఆమె చాలామంది దగ్గర విన్నట్టుంది. మర్నాడు ఆడపిల్ల పుట్టింది. దోసిట్లో పట్టేటంత పిల్ల. తల్లీ పిల్లా ఇద్దరూ నిలబడ్డారు.

నెల దాటాక వాళ్లను ఆళ్లగడ్డకు తీసుకుపోవడానికి నంద్యాల బస్టాండుకు వచ్చాం. అదే బస్సు, అదే కండక్టరు. "రాక్కా, ముందు సీటు నీకే. దుడ్లు కూడా ఎక్కువ వద్దు," అన్నాడు, చుట్టంలా.

అక్క ఎక్కలేదు. పిల్లను ఎత్తుకుని బస్సు వెనక్కి నడిచింది. స్టెప్నీ ఉంది. కొత్తది, నల్లగా నిగనిగలాడుతోంది.

"ఈ పొద్దు ఉండాదే?" అంది.

"ఉండకేమక్కా. రేపు ఆళ్లగడ్డలో పాసింగు గదా. దాన్ని దింపి రావల్ల."

అక్క స్టెప్నీని కట్టిన తాడును వేలితో తాకింది. ఒక్క లాగుకు ఊడే జారుముడి. నా వైపు తిరిగి, "బస్తాకు ఏసే ముడి ఏయ్ రా," అంది.

మా అంగడిలో మిరపకాయల బస్తా మూతికి వేసే ముడి అది. నీళ్లు చల్లి బిగిస్తే ఎండేకొద్దీ బిగుసుకుంటుంది, చేత్తో విప్పడం ఎవరి తరమూ కాదు. కుండలో నీళ్లు తెచ్చి, తాడు తడిపి, కాలు మోపి బిగించాను. ఇది ఈ బస్సును వదిలి ఇంకో బస్సుకు పోదు అనుకుంటే, ఆ శాఖ చేయాల్సిన పని నేను చేస్తున్నానన్న గర్వం కూడా కొంచెం కలిగింది. కండక్టరు అడ్డుచెప్పకుండా చూస్తూ నిలబడ్డాడు.

"బాగా ఏసినావప్పా," అన్నాడు చివరకు. "కొడవలి ఉందిలే మా కాడ."

అక్క ఒక నిమిషం ఆ ముడి వైపు చూసింది. ఇంకో బస్సు లేదు. పిల్ల మొహం మీద కొంగు కప్పి, ముందు సీటుకు పోకుండా, వెనక స్టెప్నీకి దగ్గరగా ఉన్న బల్ల మీద కూర్చుంది.