సబ్‌టైటిలు

ఛానల్ మార్చే మీట విరిగిన టీవీ ఒకటి లాడ్జి గదుల్లోంచి వచ్చి ఇస్త్రీ గదిలో పడింది. దాంట్లో ఇంగ్లీషు సినిమాలు తప్ప మరోటి రావు. పైన మాట ఇంగ్లీషులో వినబడుతుంది, కింద అర్థం తెలుగు అక్షరాల్లో పరుగెడుతుంది. దిండు గలీబులు ఇస్త్రీ చేసే ఆమె ఏళ్ల తరబడి అక్కడే నిలబడి, చెవి పైకీ కన్ను కిందికీ వేసి, బడి నేర్పని ఇంగ్లీషు నేర్చుకుంది.

నేర్చిందంతా తుపాకులవాళ్లదీ, డాక్టర్లదీ. ఓసారి చొక్కా కోసం తొందరపెట్టిన అతిథితో ‘ఫైవ్ మినిట్స్, ఆర్ ఎల్స్’ అనేసింది. మర్యాదగానే చెప్పాననుకుంది. ఆయన చొక్కా ఊసెత్తకుండా మెట్లెక్కిపోయాడు. ఇంట్లో ఈ సంగతి చెబితే మొగుడు నవ్వలేక చచ్చాడు. ఆనాటి నుంచి ఆమె పేరు సబ్‌టైటిలు.

అతను గోడలకు రంగులేసేవాడు. మూతికి కట్టుకోవడానికి గుడ్డముక్కైనా ఇవ్వకుండా కంట్రాక్టర్లు పాత గోడలు గీకించారు. మేడలు తెల్లబడ్డాయి. ఆ పొడంతా అతని ఊపిరితిత్తుల్లో చేరింది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో, ముక్కుకు గొట్టంతో పడుకుని ఉన్నాడు. బతుకుతాడా లేదా అన్నది ఎవర్నడిగినా ‘చూద్దాం’ అంటారు.

పెద్ద డాక్టరు రోజూ వచ్చి, అతని చెయ్యి పట్టుకునే, పక్కనున్న చిన్న డాక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడతాడు. అది అక్కడి పద్ధతి. గది తలుపు వేయనక్కర్లేదు, భాషే తలుపు. మన ఒంటి సంగతి మన తలమీదుగానే మాట్లాడుకుని, పోతూ పోతూ మనకో తెలుగు ముక్క విసురుతారు. మందుల పేర్లు ఆమెకు అందేవి కావు. గలీబు అంచుల్లా చీర చెంగును మడుస్తూ నిలబడేది.

ఆ ఉదయం మాత్రం ఒక వాక్యం మొత్తంగా అందింది. ‘నథింగ్ మోర్ వుయ్ కెన్ డూ.’

తెల్లకోటు మీద, పెన్నుల జేబు కింద, తెలుగు అక్షరాలు కదిలినట్టయింది. ఇక మేం చేయగలిగింది ఏమీ లేదు. ఆమెకు ఏడుపు రాలేదు. ఎన్నిసార్లో పని చేసుకుంటూ విన్న వాక్యం అది. దాని వెంట ఇస్త్రీ పెట్టె సెగ వచ్చింది, తడిబట్ట వాసన వచ్చింది. దుఃఖం మటుకు రాలేదు.

“కంగారేం లేదమ్మా, ఇంకొన్నాళ్లు ఉంచి చూద్దాం” అన్నాడు చిన్న డాక్టరు తెలుగులో.

సినిమాల్లో ఇక్కడ భార్యలు అడిగే మాటే ఆమె నోటికొచ్చింది.

“హౌ లాంగ్?”

పెద్ద డాక్టరు ఆగాడు. చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. మొదటిసారిగా ఆమె ముఖం చూసి, గొంతు తగ్గించి తెలుగులో చెప్పాడు. “నెల. అంతకన్నా తక్కువే కావచ్చమ్మా.”

మంచం మీదికి ఆ మాట చేరలేదు. వాళ్లు పక్క మంచానికి వెళ్లాక మొగుడు ఆమె చెంగు లాగాడు. “ఏమంటున్నారే, సబ్‌టైటిలూ?”

బాగానే ఉందన్నారు, అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అది వాళ్ల తెలుగు. అదే తనూ అంటే, ఆ తలుపు ఈసారి తన చేత్తో వేసినట్టే.

“ఇక చేసేదేం లేదన్నారు. నెల్లోపే అన్నారు.”

అతను పైకప్పు కేసి చూశాడు. రంగు పొరలూడిన చోట చూపు నిలిచింది.

“ఆ మాటన్నాక హీరో లేచి కూచుంటాడు కదే.”

“హీరోలైతే కూచుంటారు.”

“మరి రంగులేసేవాడో?”

ఆమె నిజంగానే ఆలోచించింది. “రంగులేసేవాణ్ణి ఏ సినిమాలోనూ చూళ్లేదయ్యా.”

అతను నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక, ఇంటికి పోదాం పద, అన్నాడు. ఆమె సరేనంది. అతని కాళ్ల మీది దుప్పటి తీసి, అంచుకు అంచు కలిపి, లాడ్జిలో మడిచినట్టే నాలుగు మడతలు పెట్టి, అరచేత్తో ఒత్తింది.