ఏ వాసనా లేని సీసా

హేమకు పరిశోధన సీటు దొరకవచ్చన్న మాట మా ఇంటికి మొదట తెచ్చినది ఎదురింటి కాంతక్క. ఆమె పనిచేసే ఆస్పత్రి క్యాంటీన్ గోడకే ఆ ప్రకటన అంటించారట. ఆ తల్లికి నా దండాలు.

హేమ మా తమ్ముడు చెంగల్రాయుడి కూతురు. తల్లీ తండ్రీ పోయాక నా దగ్గరే పెరిగింది. నేను బడికి పోలేదు, మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. దీపం పెట్టే ఇంట్లో దయ్యాల మాట ఎత్తకూడదని కూడా ఆయనే నేర్పాడు. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. జరిగినది మాత్రం రాస్తాను.

హేమ ఎమ్మెస్సీ చివరి ఏడాది ప్రాజెక్టు వాసన పోయినవాళ్ళ గురించి. అది బాగా కుదిరి, ఇంటర్వ్యూలో మెప్పిస్తే స్కాలర్‌షిప్పుతో పీహెచ్‌డీ. లేకపోతే అంబత్తూరులో మందులు ప్యాక్ చేసే కంపెనీలో ఉద్యోగం. వాళ్ళు అప్పటికే రమ్మన్నారు.

నాకు కరోనా వచ్చినప్పుడు పోయిన వాసన మళ్ళీ రాలేదు. హారతి ఇస్తే కర్పూరం తెలియదు, పొయ్యి మీద పప్పు మాడినా తెలియదు. నాలుకకు రుచి కొంచెం మిగిల్చాడు, అదే చాలని స్వామికి మొక్కుకున్నాను. అందుకే హేమ నన్నూ పరీక్షకు పిలిచింది.

పట్టపగలు, వాళ్ళ కాలేజీలో ట్యూబులైట్ల గది. నెంబర్లు వేసిన చిన్న సీసాలు వరసగా ముక్కు దగ్గర పెట్టింది. ఏ సీసాలో ఏముందో వాళ్ళ మేడమ్‌కే తెలుసు, హేమకు కూడా తెలియదు. ఏదీ రాలేదు. లేదు, లేదు అంటూ పోతున్నాను.

ఒక సీసా దగ్గర ఆగిపోయాను. నిమ్మతొక్క. దాని అడుగున కుళ్ళిన గుడ్డు లాంటి మనలి ఫ్యాక్టరీల గాలి.

మా తమ్ముడు ఆ మనలిలోనే, ఎన్నూరు పక్కన, ఒక ఫ్యాక్టరీలో చేసేవాడు. చంటిపిల్ల హేమ ఆ వాసనకు ముఖం తిప్పుకునేదని, బస్సు ఎక్కే ముందే చేతులకు నిమ్మతొక్క రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా అడుగున కొంచెం మిగిలేది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. హేమ రాసుకుంది. "ఇంకేమన్నా ఉండాదా అత్తా?" అని మాత్రం అడిగింది.

బయట బెంచీ మీద కూర్చున్నాను. నా తర్వాత ఎన్నూరు నుంచి వచ్చిన చేపలమ్మే ఆమె లోపలికి వెళ్ళింది. ఆమెతో నేను ఒక్క మాటైనా ఆడలేదు. బయటికి వస్తూనే నవ్వుతూ తమిళంలో అంది. "ఏమ్మా, లోపల నిమ్మతొక్క రుద్దుకున్నది ఎవరు? చేపలమ్మేదానికి చేప వాసన రాదు, నిమ్మకాయ వాసన వస్తుందంట. ఇంక నా వ్యాపారం బాగుపడినట్టే."

తర్వాత తెలిసింది, మా ఇద్దరికీ నిమ్మ వాసన వచ్చినది ఒకే సీసా అని, అందులో ఏ వాసనా వేయలేదని. ఊరికే ఊహించి చెప్పేవాళ్ళను పట్టుకోవడానికి వట్టి నీళ్ళు పోసి పెడతారట. హేమ ఆ సీసాను పరీక్ష చేయించింది. నీళ్ళే, ఇంకేమీ లేదు.

ఆ రెండు జవాబులూ తీసేయమని తోటి పిల్లలు చెప్పారు. నాకూ భయమేసింది. "నాది కొట్టేయ్ అమ్మీ. ముసల్ది ఏందో వాగిందనుకో" అన్నాను.

"నీకు వచ్చింది నువ్వు చెప్పినావు, నేను రాసుకున్నా. ఇప్పుడు కొట్టేస్తే ఆ సీసా ఈడ పెట్టిందెందుకత్తా?" అంది.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఆ రెండింటి మీదే వేలు పెట్టాడట. తప్పని తెలిసీ ఎందుకు చూపించావని అడిగాడట. "ఎందుకో నాకు తెలీదు సార్. తెలుసుకోవాలనే ఈ సీటు అడగతా ఉండా" అందట మా పిల్ల. సీటు ఇచ్చారు. ఆ మాట వినగానే నేను దేవుడి గదిలోకి పోయి దీపం వెలిగించాను.

వాసన పోయిన మెదడు తానే వాసన పుట్టించుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. నా సంగతి అదే అయి ఉండవచ్చు. మరి ఎన్నూరు ఆమె మెదడుకు మా తమ్ముడు ఎలా తెలుసు? ఇంటికొచ్చి నిమ్మకాయ కోసి, తొక్క నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. ఈ రోజుకీ లేదు.

నాకు జవాబు తెలియదు. హేమ వెతుకుతోంది, అది చాలు. మీరు నిమ్మకాయ పిండి తొక్క పారేసే ముందు, ఒక్కసారి వేళ్ళు వాసన చూసుకుని మా చెంగల్రాయుణ్ణి తలుచుకోండి. నా వంతు కూడా మీరే చూడండి.