పాళెగాళ్ళ విల్లుకు పంచామృతం

కరోనా తగ్గి బళ్ళూ కాలేజీలూ మళ్ళీ తెరిచిన ఏడాది, శ్రావణమాసంలో, కర్ణాటకలో చింతామణి వైపున్న ఒక ప్రైవేటు వసతి కాలేజీలో విలువిద్య శిక్షకుడిగా చేరాను. హోదా రెండో తరగతి శిక్షకుడు. అంటే గురి నేర్పాలి, పోటీలకు వెంట పోవాలి, పనిముట్ల గదికి పూచీ పడాలి. మొదటి తరగతి శిక్షకుడు ఎవరని అడక్కండి. ఆ కుర్చీలో నేనున్నన్నాళ్ళూ ఎవరూ కూర్చోలేదు. పోయిన సంవత్సరం మోకాలు మొరాయించి స్వచ్ఛందంగా తప్పుకున్నాను.

పనిముట్ల గదిలో పద్నాలుగు విళ్ళుండేవి. పదమూడు ఫైబరువి. వాటిని చెరువులో ముంచి తీసినా తుమ్మవు. పద్నాలుగోది అచ్చమైన కొయ్య, మనిషెత్తు పొడవు, తేనె రంగు వార్నిష్. బెంగళూరు నుంచి పార్సలు బండిలో వచ్చింది. దాన్ని పట్టేది లావణ్య ఒక్కతే. బాగేపల్లి తాలూకా పరగోడు రైతుల బిడ్డ, పి.యు.సి., అంటే ఇంటర్, రెండో సంవత్సరం. ఆ ఏడు చిక్కబళ్ళాపురంలో కొయ్యవిల్లు విభాగం ఎంపిక పోటీలు దసరా తరువాత పెట్టారు. మొదటి నలుగురికి బెంగళూరులో క్రీడా కోటా కింద డిగ్రీ సీటు, హాస్టలు. ఐదోవాళ్ళకు చప్పట్లు. చప్పట్లు పట్టుకుని పరగోడు బస్సెక్కడం లావణ్యకు ఇష్టం లేదు.

కొయ్యవిల్లుకు శత్రువు ఎండ కాదు, వాడకం కాదు, తేమ. చెక్క నీళ్ళు తాగితే మెత్తబడుతుంది. మెత్తబడినప్పుడు వంచి ఉంచితే ఆ వంపును గుర్తుపెట్టుకుంటుంది. దీన్ని మేం 'సెట్ పట్టడం' అంటాం. సెట్ పట్టిన విల్లు బాణాన్ని విసరదు, సాగనంపుతుంది. అందుకే పని కాగానే నారి విప్పాలి, పొడిగుడ్డతో తుడవాలి, గోడకు ఆనించకుండా రెండు మేకుల మీద అడ్డంగా పడుకోబెట్టాలి, నెలకోసారి తేనెమైనం రుద్దాలి. ముఖ్యంగా రెండు కొనల దగ్గర నారి ఇరుక్కునే గాళ్ళు చూసుకోవాలి. నారి రాపిడికి వార్నిష్ మొదట అరిగేది అక్కడే. ఆ సంవత్సరం అక్కడ అరిగింది. నేను చూశాను. 'దసరా పోనీ, పూస్తాం' అనుకున్నాను. ఈ వాక్యం గుర్తుంచుకోండి, ఎందుకంటే తరువాత నేను నెపం ఇంకొకరి మీద వేయడానికి చాలా ప్రయత్నం చేశాను.

గది తాళంచెవి ఆఫీసు గోడకు వేలాడేది. ఎవరు పడితే వాళ్ళు వచ్చి విళ్ళు లాగి చూసేవాళ్ళు. 'ముట్టవద్దు' అంటే మన జనం ముట్టి చూసి ఎందుకు ముట్టకూడదో తెలుసుకుంటారు. కాబట్టి నేను కొయ్యవిల్లును పట్టుగుడ్డలో చుట్టి, అటెండరు నరసింహప్పను పక్కకు పిలిచాను. పాతపాళ్య ఊరి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, చెప్పిన పని ఒకటికి రెండుసార్లు చేసే రకం. "ఇది పాళెగాళ్ళ నాటిదప్పా" అన్నాను. "అప్పటి పాళెగాడు గుడిబండ కొండమీద నిలబడి బాణం వేస్తే బాగేపల్లిలో మజ్జిగ కుండ పగిలింది. కవ్వానికి మాత్రం గీత కూడా పడలేదు. స్నానం చేయని చెయ్యి తగిలితే బాణం వేసినవాడి మీదికే తిరిగొస్తుంది."

"మజ్జిగ ఎవురిది సార్?" అన్నాడు నరసింహప్ప.

అబద్ధం అతుక్కుందని ఆ ప్రశ్నతోనే తెలిసింది. ఆ తరువాత రెండు నెలలు ఆ విల్లును లావణ్య తప్ప ఒక్కరూ ముట్టలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి, కథకు ఒక ఏనుగును, ఒక సొరంగాన్ని కూడా చేర్చాను.

మహానవమి నాడు ఆయుధపూజ. నేను చిక్కబళ్ళాపురంలో మా ఇంట్లో నా స్కూటరుకు పూజ చేసుకుంటున్నాను. సెలవులు ముగిసి, పూజైన మూడోనాడు వచ్చి గది తలుపు తీస్తే తిరుపతి ప్రసాదం డబ్బా మూత తీసినట్టు నెయ్యి వాసన. ఫైబరు విళ్ళు పదమూడింటికీ తలా ఒక కుంకుమ బొట్టు, అంతే. కొయ్యవిల్లు మాత్రం పీట మీద, నారి ఎక్కించి, బంతిపూల దండతో, పిడికి తడి పసుపుగుడ్డ చుట్టుకుని పెండ్లికొడుకులా నిలబడి ఉంది. కింద గాడిలో పెరుగు ఎండిపోయి ఉంది.

నరసింహప్ప వెనకాలే వచ్చాడు. "పంచామృతం చేసినాము సార్. ఆపైన మూడు బిందెల నీళ్ళు. నెయ్యి మా ఇంటిదే. అంత పెద్ద విల్లుకు ఉత్త బొట్టు పెడితే మర్యాదగా ఉంటాదా? ముట్టేదానికి ముందు మేమందరూ స్నానాలు చేసినాము."

అరవడానికి నోరు తెరిచాను. ఏమని అరవాలి? నేను చెప్పిన షరతులన్నీ ఆయన పాటించాడు. దేన్ని కాపాడాలని కథ అల్లానో, ఆ కథ వల్లే పద్నాలుగింటిలోనూ అదొక్కటే తడిసింది.

"నరసింహప్పా, అది బెంగళూరు నుంచి పార్సలు బండిలో వచ్చిందయ్యా" అన్నాను.

"ఊరుకోండి సార్. పాళెగాళ్ళ విల్లు పార్సలు బండిలో యాడన్నా వస్తాదా?" అని నవ్వి, నన్ను జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

పోటీలకు పది రోజులుంది. నారి విప్పాను. విల్లు తిన్నగా నిలవాల్సింది పోయి, కింది లింబు, అంటే పిడికి దిగువన వంగే భాగం, వంకరగానే ఉండిపోయింది. వార్నిష్ తెల్లగా పొగచూరింది. లావణ్య వచ్చి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. వంకర మీద వేలు పెట్టి, "ఎండలో పెడదామా సార్?" అంది. వద్దన్నాను. ఎండలో పెడితే పైపొర ముందు ఎండి చెక్క చీలుతుంది. నీడ, పొడిగాలి, నిదానం కావాలి. బయట చూస్తే ఆశ్వయుజపు ముసురు. ఈ తాలూకాలో ఆ వారం పొడిగాలి యాడ దొరుకుతుంది?

లావణ్యకే తట్టింది. చింతామణి పక్క ఊళ్ళో వాళ్ళ అత్త లక్ష్మీదేవమ్మ పట్టుపురుగులు పెంచుతుంది. పురుగు గూడు కట్టే నాలుగు రోజులూ ఆ గదిని ఎముకలా పొడిగా పెడతారు. తేమ ఉంటే గూడు పాడవుతుంది. గాలి ఆడాలి, వేడి తగలాలి, గోడకు తేమ చూసే మీటరు కూడా ఉంటుంది. మా అదృష్టం, ఆమె పురుగు ఆ రోజే పండి గూడు కట్టడానికి సిద్ధమైంది.

ఇక్కడో సంగతి. గూడు కట్టే సమయంలో పట్టుగదిలోకి పరాయివాళ్ళను రానివ్వరు. రోగం వస్తుందని, దిష్టి తగులుతుందని. లక్ష్మీదేవమ్మ గడప మీద చేతులు అడ్డంపెట్టి నిలబడింది.

"పురుగు చంద్రికలెక్కిండాది. మా ఇంటాయన్నే తుమ్మనియ్యకుండా చూస్తాండా. నీ కట్టెకేమప్పా అంత రాజభోగము?"

చంద్రిక అంటే పురుగు గూడు కట్టే వెదురు తట్ట. నేను గొంతు సవరించుకున్నాను. "అమ్మా, ఇది మామూలు కట్టె కాదు. పాళెగాళ్ళ కాలంలో..." గుడిబండ కొండ ఎక్కేశాను. కవ్వం దాకా వచ్చాను. ఈ విల్లు గదిలో ఉంటే గూళ్ళు కోడిగుడ్డంత అవుతాయని కూడా అన్నానేమో.

ఆమె రెండడుగులు వెనక్కి వేసి తలుపు మూయబోయింది. "పాళెగాడిదా? రక్తం చూసిన ఆయుధము నా పురుగు మధ్యనా? బెదిరి గూడు కట్టేది మానుకుంటే నువ్వొచ్చి కడతావా?"

లావణ్య నన్ను పక్కకు జరిపింది. "అత్తా, సారు చెప్పేది ఏదీ నమ్మొద్దు. కొత్తది, బెంగళూరిది. నీళ్ళు పడి చెడిపోయిండాది. ఇది ఆరకపోతే నాకు సీటు రాదు."

లక్ష్మీదేవమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ ముక్క చెప్పేదానికి నోట్లో ఏముండె నీకు? నీదైతే పెట్టుకో పాపా. కాళ్ళు బ్లీచింగు నీళ్ళలో ముంచి రాండి. నువ్వు మాత్రం బయటే ఉండప్పా. మాట్లాడితే తేమ పెరుగుతాది."

తెల్లబడిన చోట వార్నిష్‌ను సన్న ఉప్పుకాగితంతో గీకి, తేమ బయటికి పోయే దారి నేను బయటే చేసిచ్చాను, లావణ్య విల్లును లోపల చంద్రికల మధ్య అడ్డంగా పడుకోబెట్టింది. రోజూ పొద్దున గూళ్ళు తూచే కాటాలో పెట్టి బరువు రాసుకున్నాం. బరువు తగ్గుతున్నన్నాళ్ళూ లోపల నీళ్ళున్నట్టు. మూడోనాటికి తగ్గుదల ఆగింది. నాలుగో రోజు కూడా అదే బరువు. అప్పుడు కాలేజీకి తెచ్చి రెండు పలచటి పూతలు వార్నిష్, రోజుకొకటి. గాళ్ళలో చిన్న కుంచెతో నేనే పూశాను. ఒక రోజు ఆరనిచ్చి మైనం రుద్దాను. ఇక మూడు రోజులు మిగిలాయి.

నారి ఎక్కించి కాటా కొక్కేనికి తగిలించి లాగాను. లాగుడు బరువు ముందు ముప్పైనాలుగు పౌండ్లు. ఇప్పుడు ముప్పై. పోయిన నాలుగు పౌండ్లు ఇక రావు. లావణ్య గుమ్మంలో నిలబడి ఉంది. పిల్లకు ధైర్యం చెడకూడదని, "ముందుకంటే చురుగ్గా ఉంది, పట్టుగదిలో ఉండి వచ్చింది కదా, పట్టు పట్టి..." అని మొదలుపెట్టాను.

"సార్, కథ వద్దు. ఎంత తగ్గినాదో చెప్పండి."

నా ఉద్యోగంలో అంత కష్టమైన జవాబు ఇంకొకటి ఇవ్వలేదు. "నాలుగు" అన్నాను. "కింది లింబు మెత్తబడింది. బాణాలు పాత బరువుకు తూగినవి, ఈ విల్లుకు బిరుసు. కిందికి పోతాయి, కాస్త ఎడమకు కూడా పోతాయి. తప్పు నాది. గాళ్ళు అరిగినాయని నాకు ముందే తెలుసు."

ఆమె తప్పు సంగతి పట్టించుకోలేదు. "ఎంత కిందికి?" అంది. కొలిచి చెప్పాను. మూడు రోజులూ గురిచుక్క మీద కాకుండా, దానికి జానెడు పైన, రెండు వేళ్ళు కుడికి చూస్తూ వేసింది. ఖాళీ చోటును చూసి చుక్కను కొట్టడం వినడానికి నా కథలాగే ఉంటుంది, కానీ సాక్షులున్నారు.

చిక్కబళ్ళాపురంలో ఆ పొద్దున తుంపర. ప్రతి విడతకూ మధ్య ఆమె విల్లు తుడుచుకుంది. నరసింహప్ప గుడ్డ అందించాడు, తలస్నానం చేసి వచ్చాడట. ఐదో అమ్మాయి కంటే రెండు పాయింట్లు ఎక్కువతో నాలుగో స్థానంలో నిలిచింది. బెంగళూరు పోయింది. ఆ విల్లును ఆమెతో పంపలేదు. సెట్ పట్టిన విల్లును పోటీకి రెండోసారి వాడకూడదు.

ఈ ఉదంతం నేర్పింది రెండు విషయాలు. కొయ్యవిల్లుకు పూత అరిగిందని చూసిన రోజే పూయాలి, పండగ దాకా ఆగకూడదు. తడిసిందంటే ఎంత బలం పోయిందో కొలిచి, ఆ అంకెను విలుకాడికి ముందుగా చెప్పాలి. అంకె తెలిస్తే వాళ్ళు గురి మార్చుకోగలరు, ధైర్యవచనంతో మార్చుకోలేరు. ఆ మరుసటి ఏడు నుంచి మహానవమికి సెలవు పెట్టడం మానేశాను. పూజకు నేనే కూర్చుని పద్నాలుగింటికీ పొడి విభూతి పెట్టాను, నారి విప్పి.